కొమ్మ అడిగి తెచ్చుకోండి: మందారం పెంచే పద్ధతి

మందారం డబ్బు పెట్టి కొనే మొక్క కాదని నేను గట్టిగా నమ్ముతాను. మీ వీధిలో ఎవరి ఇంటి గోడ మీదుగానో ఎర్రమందారం ఒకటి బయటికి వంగి పూస్తూనే ఉంటుంది. ఆ చెట్టు మీ ఊరి ఎండను, మీ నేలను, మీ బోరు నీళ్లను ఏళ్ల తరబడి తట్టుకుని నిలబడింది. దాని కొమ్మ నుంచి వచ్చే మొక్క అచ్చంగా ఆ తల్లిచెట్టే కాబట్టి, ఆ ఓర్పు కూడా దానితోపాటే మీ పెరట్లోకి వస్తుంది. ఎక్కడో షేడ్ నెట్ కింద, రోజూ మందులూ ఎరువులూ అందుకుని పెరిగిన మొక్కకు ఆ అలవాటు ఉండదు. ఇంటికి తెచ్చిన పదిహేను రోజుల్లో మొగ్గలన్నీ రాల్చేసి దిగాలుగా నిలబడుతుంది.

ఈ మాట నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషిగా చెబుతున్నాను. మాది కడియం పక్కన ఊరు. వేమగిరి, కడియపులంక, బుర్రిలంక, ఎటు చూసినా మొక్కలే. గోదావరి ఒండ్రు మట్టి, కాలవ నీళ్లు, తరాలుగా చేతికి వచ్చిన పని, ఈ మూడూ కలిసి ఆ ఊళ్లను మొక్కల ఊళ్లు చేశాయి. మా పెదనాన్న అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. బడి లేనప్పుడు పిల్లలమంతా ఆయన పక్కన కూర్చుని కవర్లలో మట్టి నింపేవాళ్లం, మందారం పుల్లలు గుచ్చేవాళ్లం. ఇప్పుడు రాజమండ్రిలో నాకో చిన్న పెరడు ఉంది. అందులో ఉన్న మందారాల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరి ఇంటి నుంచి కొమ్మగా వచ్చినవే. వాటి నుంచి మళ్లీ కొమ్మలు పట్టుకెళ్లేవాళ్లు వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్లకీ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఏ మందారం అడగాలి

మొదటిసారి పెంచేవాళ్లు ఐదు రెక్కల ఎర్ర మందారం గానీ, ఎర్ర ముద్ద మందారం గానీ అడగండి. రెండూ తేలిగ్గా వేరు పట్టుకుంటాయి. రెక్క మందారం ఏడాది పొడవునా ఎంతో కొంత పూస్తుంది, పొద్దున్నే దేవుడికి కోయడానికి లోటుండదు. తేనెపిట్టలు కూడా దీని దగ్గరికే ఎక్కువ వస్తాయి. ముద్ద మందారంలో కేసరాలే రెక్కలుగా మారిపోతాయి కాబట్టి పువ్వు నిండుగా, బరువుగా ఉంటుంది. అయితే వేసవిలో మొగ్గ రాల్చడం దీనికే ఎక్కువ. తెల్లవి, లేత గులాబీ రంగువి, పసుపువి తర్వాత తెచ్చుకోవచ్చు.

పొద్దున తెల్లగా విచ్చుకుని, మధ్యాహ్నానికి గులాబీ రంగుకు తిరిగి, సాయంత్రానికి ఎర్రబడే మందారం ఒకటుంది. ఆకు వెడల్పుగా, పట్టుకుంటే నూగుగా ఉంటుంది. ఎక్కడ కనిపించినా వదలకండి, పుల్ల గుచ్చితే చాలు, బతికేస్తుంది. కిందికి వేలాడుతూ, రెక్కలు చీలికలుగా ఉండే రకం కూడా అంతే తేలిక. ఎప్పటికీ విచ్చుకోకుండా ముడుచుకునే ఉండే మిరప మందారం చుట్టం వరసే గానీ అసలు మందారం కాదు. కాస్త నీడ ఉన్న చోట కంచెలాగా వేసుకోవడానికి బాగుంటుంది.

ఇక అరచేతి కంటే పెద్ద పువ్వులు, ఒకే పువ్వులో రెండు మూడు రంగులు ఉండే హైబ్రిడ్లు. అందమైనవే, కాదనను. పువ్వు కొన్నిసార్లు రెండో రోజు కూడా నిలుస్తుంది. కానీ వాటి సొంత వేరుకు బలం తక్కువ, కొమ్మ గుచ్చితే చాలావాటికి వేరు రాదు. అందుకే నాటు మందారం మీద అంటు కట్టి అమ్ముతారు. ముందు నాటు మందారాన్ని రెండేళ్లు పెంచి, దాని తీరు తెలుసుకున్నాక హైబ్రిడ్ జోలికి వెళ్లమంటాను.

కొమ్మ గుచ్చడం

కాలం చూసుకోవడం అన్నింటికంటే ముఖ్యం. ఆరుద్ర కార్తె మొదలైన దగ్గర్నుంచి శ్రావణమాసం చివరిదాకా మంచి అదను. గాలిలో తడి ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది, ఆకులేని పుల్ల ఎండిపోకుండా వేరు పెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో ఎంత నీడలో పెట్టినా పుల్ల బతకడం కష్టం. ముసురు పట్టి ఆగకుండా కురిసే రోజుల్లోనూ వద్దు, కోసిన చోట కుళ్లు పడుతుంది. ఒక వాన పడి, రెండు రోజులు తెరిపిచ్చినప్పుడు గుచ్చండి.

కొమ్మ ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం పుల్లలు ఇక్కడే పోతాయి. చిటారు కొమ్మ పచ్చగా, లేతగా ఉంటుంది. అది పనికిరాదు, కుళ్లిపోతుంది. మొదటి దగ్గర బూడిదరంగు తేలి గట్టిపడ్డ కొమ్మ బతుకుతుంది గానీ చాలా నిదానం. ఈ రెండిటికీ మధ్యలో, పచ్చదనం తగ్గి గోధుమరంగు మొదలైన భాగం కావాలి. పెన్సిలు లావు ఉండాలి. గోటితో గీకితే లోపల పచ్చగా కనిపించాలి. పువ్వులూ మొగ్గలూ ఉన్న కొమ్మ కంటే ఏపుగా పైకి ఎదుగుతున్న కొమ్మ మేలు. ఆకు ముడుచుకున్న కొమ్మను, తెల్లటి పిండి అంటిన కొమ్మను ఎంత బతిమాలి ఇచ్చినా తీసుకోవద్దు. ఆ పురుగు మీ పెరటికి అలాగే చేరుతుంది.

పొద్దున్నే, చెట్టు నిండా నీరు పట్టి ఉన్నప్పుడు కోయండి. జానెడు పొడవు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు, నాలుగు కణుపులు ఉంటే సరిపోతుంది. కింది కోత కణుపుకి సరిగ్గా దిగువన, ఏటవాలుగా ఉండాలి. వేర్లు కణుపు దగ్గరే ముందు పుడతాయి. పై కోత కణుపుకి అంగుళం పైన, అడ్డంగా ఉండాలి. ఒకటి ఏటవాలుగా, ఒకటి అడ్డంగా కోయడంలో ఇంకో లాభం ఉంది, కట్టగా కట్టి తెచ్చినప్పుడు ఏది తల, ఏది కాలు అన్నది తెలిసిపోతుంది. తలకిందులుగా గుచ్చిన పుల్ల బతకదు. కత్తి గానీ సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) గానీ పదునుగా ఉండాలి. మొండి కత్తితో కోస్తే బెరడు నలిగి, నలిగిన చోట బూజు పడుతుంది.

ఆకులన్నీ తీసేయండి. పైన ఒకటో రెండో ఉంచాలనిపిస్తే వాటిని సగానికి కత్తిరించి ఉంచండి. వేరు లేని పుల్ల నీరు పీల్చలేదు, ఆకు మాత్రం నీటిని గాలిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే ఆకు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

మట్టి సంగతి. ఎరువు కలిపిన సారవంతమైన మట్టి ఈ దశలో వద్దు. పుల్లకు కావలసింది ఊపిరి ఆడే చోటు, కొద్దిపాటి తడి. నేను సగం గోదావరి ఇసుక, సగం కొబ్బరి పొట్టు కలుపుతాను. కొబ్బరి పొట్టును ఒకసారి నీళ్లలో నానబెట్టి, పిండేసి వాడండి, దానిలో ఉప్పు ఉంటుంది. ఇసుక దొరకనివాళ్లు ఎర్రమట్టిని జల్లించి, కొబ్బరి పొట్టు ఎక్కువ పాళ్లలో కలుపుకోవచ్చు. పాల కవరో, పాత డబ్బానో ఏదైనా సరే, అడుగున చిల్లులు ఉండాలి. ముందుగా ఒక పుల్లతో గుంట చేసి, అందులో మందారం పుల్ల దించి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా పెట్టి చుట్టూ వేలితో గట్టిగా నొక్కండి. గుంట చేయకుండా నేరుగా గుచ్చితే కింది బెరడు లేచిపోతుంది.

వేరు పుట్టించే హార్మోన్ పొడి అడుగుతారు అందరూ. నాటు మందారానికి అక్కర్లేదు. తెల్ల, పసుపు రకాలకి, మొండికేసే ముద్ద రకాలకి వాడితే తేడా కనిపిస్తుంది. ఐబిఎ అనే వేరు హార్మోన్ ఉన్న పొడి కొనుక్కుని, పుల్ల చివరను తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేసి గుచ్చండి. ఎక్కువ అంటిస్తే ఎక్కువ వేర్లు వస్తాయనుకోవడం పొరపాటు, మోతాదు మించితే వేరు రావడమే ఆగిపోతుంది.

గుచ్చాక చెట్టు నీడలో, వెలుతురు ఉన్న చోట పెట్టండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరో, అడుగు కోసేసిన నీళ్ల సీసానో బోర్లించి, రోజూ ఓ పది నిమిషాలు తీసి గాలి ఆడనివ్వండి. మట్టిని ముట్టుకుంటే తడి తెలియాలి, పిడికిట్లో పిండితే మాత్రం నీళ్లు కారకూడదు.

ఇప్పుడు నేను అందరినీ బతిమాలి చెప్పే మాట. పది పదిహేను రోజులకు పుల్ల మీద చిగుళ్లు వస్తాయి. బతికేసిందని సంబరపడి తీసి కుండీలోకి మార్చేస్తారు, నాలుగు రోజుల్లో అది వాడిపోతుంది. ఆ చిగుళ్లు పుల్లలో నిలవ ఉన్న సత్తువతో వచ్చినవి, కింద వేరు ఇంకా పుట్టలేదు. వేరు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కొన్ని రకాలకి రెండు నెలలు. పైకి లాగి చూడకండి. వేరు వచ్చిన సంగతి డబ్బా అడుగున చిల్లుల్లోంచి తెల్లగా కనిపించినప్పుడు తెలుస్తుంది, లేదా రెండో విడత ఆకులు ముదురుపచ్చగా, పూర్తి సైజులో వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు కూడా మట్టి గడ్డ విరగకుండా మార్చాలి. ఈ లోపు మొగ్గ వస్తే మనసు గట్టి చేసుకుని తుంచేయండి.

సీసాలో నీళ్లు పోసి అందులో పెట్టినా మందారానికి వేర్లు వస్తాయి. చూడటానికి పిల్లలకి బాగుంటుంది. కానీ నీటిలో పుట్టిన వేర్లు పెళుసుగా ఉండి, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి. అలా చేస్తే వేర్లు అంగుళం పొడవు ఉండగానే మార్చేయండి.

గాలి అంటు

కొమ్మ గుచ్చితే రాని మొండి రకాలకి ఇదే దారి. కొమ్మను చెట్టు నుంచి వేరు చేయకుండానే దానికి వేర్లు పుట్టిస్తాం కాబట్టి ఎండిపోయే భయం లేదు. వానాకాలం ఆరంభంలో, ఏడాది వయసున్న, బొటనవేలు కంటే కాస్త సన్నని కొమ్మ ఎంచుకోండి. కొస నుంచి అడుగు, అడుగున్నర కింద, అంగుళం వెడల్పున బెరడును గుండ్రంగా ఒలిచేయండి. లోపల తెల్లటి చెక్క మీద జిగురుగా ఒక పొర ఉంటుంది, కత్తి వెనక వైపుతో దాన్ని గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేరు రాదు. పెదనాన్న ఒలిచిన చోటును గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మీద జిగురు అంటిందేమో చూసి గానీ నాచు కట్టేవారు కాదు.

నానబెట్టి పిండిన నాచును గుప్పెడు తీసుకుని ఒలిచిన చోటు చుట్టూ పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, పైనా కిందా పురికొసతో గట్టిగా కట్టండి. నీరు లోపలికి దిగకూడదు, లోపలి తడి బయటికి పోకూడదు. నాచు లేకపోతే కొబ్బరి పొట్టు, చివికిన పశువుల గెత్తం కలిపి ముద్ద చేసి వాడుకోవచ్చు. నెలా నెలన్నరకు పాలిథిన్ లోంచి వేర్లు కనిపిస్తాయి. అవి తెలుపు నుంచి లేత గోధుమరంగుకు తిరిగాక, కట్టుకి దిగువన కోసి, పాలిథిన్ విప్పి, నాచు గడ్డ కదలకుండా కుండీలో పెట్టండి. ఆకుల్లో సగం తీసేసి రెండు వారాలు నీడలో ఉంచాలి. గాలి అంటుతో వచ్చిన మొక్క పుల్ల మొక్క కంటే ముందే పూస్తుంది.

హైబ్రిడ్లకి మొవ్వ అంటు కడతారు. పుల్ల గుచ్చి పెంచిన నాటు ఎర్రమందారాన్ని వేరునిచ్చే కింది మొక్కగా వాడతారు. దాన్ని జానెడు ఎత్తున అడ్డంగా కోసి, మధ్యకు చీల్చి, అదే లావున్న హైబ్రిడ్ కొమ్మ చివరను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దించి టేపు చుడతారు. బెరడుకీ బెరడుకీ కనీసం ఒక పక్కన కలవాలి. చేతికి రావాలంటే చేసి చేసి రావాల్సిందే, రాతతో నేర్పేది కాదు. కొన్నవాళ్లు ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అంటు కట్టు కింద నుంచి చిగురు వస్తే అది నాటు మందారం చిగురు. దాన్ని మొదట్లోనే తుంచేయకపోతే, బలమంతా అదే లాగేసి పైన ఉన్న హైబ్రిడ్‌ను చంపేస్తుంది. రెండేళ్ల తర్వాత పువ్వు రంగు మారిపోయిందని చాలామంది అంటుంటారు, జరిగేది ఇదే.

మన నాటు మందారాలకు కాయ కాయడం అరుదు. హైబ్రిడ్ల మీద పొద్దున్నే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వు కీలాగ్రానికి అద్దితే కాయ నిలిచే అవకాశం ఉంది. కానీ గింజ మొక్క తల్లిలాగా రాదు, ఏ రంగు వస్తుందో పూసేదాకా తెలియదు. కొత్త రంగుల మీద మోజు ఉన్నవాళ్ల పని అది.

నేలలో పెట్టడం

రోజుకు ఐదారు గంటల ఎండ లేని చోట మందారం పెట్టవద్దు. నీడలో ఆకు నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం ఉండదు. హైదరాబాద్, అనంతపురం లాంటి చోట్ల మాత్రం పొద్దుటి ఎండ పూర్తిగా, మధ్యాహ్నం మూడు తర్వాత కొంచెం నీడ తగిలేలా ఉంటే వేసవిలో మొగ్గ నిలుస్తుంది.

గుంట అడుగున్నర లోతు, అంతే వెడల్పు చాలు. తీసిన మట్టిలో మూడో వంతు బాగా చివికిన గెత్తం, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది, వేరుపురుగూ చేరుతుంది. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడిలో నీరు నిలుస్తుంది, అక్కడ గుంటకి బదులు అడుగు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటండి. మందారానికి నీళ్లంటే ఇష్టమే గానీ, పాదంలో నీరు నిలవడం మాత్రం గిట్టదు. చెట్టుకీ చెట్టుకీ ఐదడుగులు వదలండి. కంచెగా వేసేవాళ్లు రెండున్నర అడుగులకి ఒకటి పెట్టుకోవచ్చు.

కుండీలో అయితే మొదట ఎనిమిది అంగుళాలది, ఏడాదికి పన్నెండు, ఆ తర్వాత పదహారు. చిన్న పుల్లను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేరు అందుకోని మట్టి తడిగానే ఉండిపోయి కుళ్లు వస్తుంది. డాబా మీద సిమెంటు నేల కాలిపోతుంటుంది, కుండీని ఇటుకల మీద పెట్టండి. వేసవిలో కుండీ మొక్కకి పొద్దునా సాయంత్రం నీళ్లు కావాలి. నేలలో పాతుకున్న చెట్టుకి వారానికి రెండుసార్లు పాదు నిండా పోస్తే చాలు. రోజూ చెంబుడు పోసే కంటే అలా పోయడమే వేరును లోతుకి దించుతుంది.

ఎరువు విషయంలో నా పట్టుదల

పూల మొక్క కదా అని డీఏపీ గుప్పెడు వేసేవాళ్లు ఎంతమందో. దయచేసి వేయకండి. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది. మందారానికి భాస్వరం కొంచెమే కావాలి. ఎక్కువైతే అది ఇనుము వంటి సూక్ష్మ పోషకాలను మొక్కకి అందకుండా అడ్డుకుంటుంది. లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది చూసి ఆకలి అనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు, మొక్క ఇంకా క్షీణిస్తుంది. ఎముకల పొడి కూడా భాస్వరమే, ఏడాదికి ఒకసారి మించి వద్దు.

పువ్వు కావాలంటే పొటాష్ కావాలి. అందులోనూ మ్యూరేట్ కంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మంచిది, మ్యూరేట్‌లో క్లోరైడ్ ఉంటుంది, అది కుండీల్లో పేరుకుంటుంది. పన్నెండు అంగుళాల కుండీకి నెలకి అర టీస్పూను, నేలలో చెట్టుకి రెండు టీస్పూన్లు, తడి మట్టిలో వేసి మళ్లీ నీళ్లు పోయండి. దీంతోపాటు వేరుశనగ చెక్కను గుప్పెడు తీసుకుని ఐదు లీటర్ల నీళ్లలో మూడు రోజులు ఊరబెట్టి, దానికి అంతే నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తాను. వాసన భరించాలి. కానీ దానికి చిగురు వచ్చే తీరు చూస్తే ఆ వాసన గుర్తుండదు. కట్టెల బూడిద చిటికెడు మించి వేయకండి, మందారానికి కాస్త ఆమ్ల గుణం ఉన్న మట్టి నచ్చుతుంది, బూడిద దాన్ని చెడగొడుతుంది.

బోరు నీరు చవుడుగా ఉన్న చోట భాస్వరం వేయకపోయినా ఆకు పసుపెక్కుతుంది. ఎరువుల కొట్లో అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) దొరుకుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకి ఇంకోసారి. కొత్త ఆకు పచ్చగా వస్తే సరే. అడుగు ఆకులు ఒకటీ అరా పసుపెక్కి రాలడం మాత్రం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

కత్తిరింపు, మొగ్గ రాలడం

మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే కొమ్మ సాగి సాగి, పువ్వు ఎక్కడో చిటారున, చేతికి అందనంత ఎత్తున ఒకటి పూస్తుంది. మాఘమాసంలో, చలి తగ్గుతుండగా, ప్రతి కొమ్మనూ మూడో వంతు కత్తిరించండి. బయటి వైపు చూసే కణుపు పైన కోయండి, చెట్టు మధ్యలోకి గాలి వెళ్తుంది. అంతకంటే మించి కోయవద్దు. ఆ తర్వాత రెండు మూడు నెలలు పువ్వు తగ్గుతుంది, అది తెలిసే చేయాలి. దేవుడి పూలకి ఇబ్బంది అనుకుంటే సగం చెట్టు ఇప్పుడు, మిగతా సగం నెల తర్వాత. మే నెలలో పెద్ద కత్తిరింపు అస్సలు చేయకండి, బయటపడ్డ కొమ్మలు ఎండకి మాడతాయి. కత్తిరించిన కొమ్మల్ని పారేయకండి, పైన చెప్పిన పద్ధతిలో నీడలో గుచ్చి, మూత వేసి ఉంచితే చాలా వరకు వస్తాయి.

మొగ్గలు విచ్చుకోకుండా రాలిపోతుంటే ముందు నీళ్ల సంగతి చూడండి. ఒకరోజు ఎండగట్టి, మరుసటి రోజు బిందెడు పోస్తే మొగ్గ నిలవదు. ఎండ నలభై డిగ్రీలు దాటితే ముద్ద రకాలు ఎలాగూ రాలుస్తాయి, వానలకి సర్దుకుంటాయి. కుండీ చోటు మార్చినా రాలుస్తుంది. ఇవేవీ కాకపోతే రాలిన మొగ్గను చీల్చి చూడండి. లోపల సన్నని పసుపు పురుగులు ఉంటే అది మొగ్గ ఈగ. రాలిన మొగ్గల్ని ప్రతిరోజూ ఏరి కవర్లో కట్టి పారేయాలి, మట్టిలో వదిలితే అక్కడే పెరిగి మళ్లీ పైకి వస్తుంది. మందు కొట్టడం కంటే ఈ ఏరడమే బాగా పనిచేస్తుంది.

పిండినల్లి

మందారం పెంచేవాళ్ల అసలు కష్టం ఇదే. పత్తి, బెండ, గోంగూర, మందారం అన్నీ ఒకే కుటుంబం కావడంతో వాటి పురుగులు కూడా చాలావరకు ఒకటే. పేనుబంక, తెల్లదోమ వస్తాయి, పోతాయి. పిండినల్లి మాత్రం వస్తే తిష్ఠ వేస్తుంది. చిగురు కొసలు గుత్తిగా ముడుచుకుని, ఆకులు వంకర్లు తిరిగి, కణుపుల దగ్గర తెల్లటి పిండి కనిపిస్తుంది. అది రసం పీల్చేటప్పుడు వదిలే విషం వల్లే చిగురు అలా ముడుచుకుంటుంది. ముడుచుకున్న కొస మళ్లీ విచ్చుకోదు, కోసి కవర్లో కట్టేయండి.

తర్వాత చీమల సంగతి చూడాలి. పిండినల్లి విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, వేటాడే పురుగుల్ని తరిమేస్తాయి. చీమల బారును ఆపకుండా ఎంత మందు కొట్టినా వృథా. కాండం చుట్టూ వెడల్పు టేపు చుట్టి దాని మీద వాజిలీన్ రాయండి, కుండీ అయితే నీళ్ల పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద ఉంచండి. నీళ్ల పైపుతో ఆకు అడుగున గట్టిగా కొట్టి, ఆరాక, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారం వారం మూడుసార్లు చేయాలి, ఎందుకంటే దూదిలాంటి సంచిలో ఉన్న గుడ్లకి మందు అంటదు, అవి పొదిగాక బయటికి వచ్చే పిల్లల్ని పట్టుకోవాలి.

పిండినల్లి మధ్యలో కాస్త పెద్దగా, పొడవాటి తెల్లని పోగులతో, చురుగ్గా పాకేవి కనిపిస్తే ఆగండి. అవి ఒక రకం అక్షింతల పురుగు పిల్లలు. చూడటానికి పిండినల్లిలాగే ఉంటాయి గానీ, తినేది పిండినల్లినే. అవి ఉన్న చెట్టుకి వేపనూనె కూడా కొట్టకుండా పది రోజులు వదిలేయండి. పూలను తలకి, టీకి, పచ్చడికి వాడే ఇళ్లలో ఘాటైన పురుగుమందుల మాటే వద్దు.

కొమ్మ పంపడం, దూరాన ఉన్నవాళ్లు

"పిన్నిగారూ, మా అమ్మాయి వాళ్లు కూకట్‌పల్లిలో ఉంటారు, పొద్దుటి బస్సుకి వెళ్తున్నాను, రెండు కొమ్మలు ఇస్తారా" అని అడిగేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు అవసరమైన పొడవు కంటే జానెడు ఎక్కువగా కోసి, ఆకులు తీసేసి, కింది చివరలకి తడి గుడ్డ చుట్టి, మొత్తం కట్టను తడి న్యూస్ పేపర్లో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తాను. మూతి గట్టిగా కట్టకూడదు. అలా రెండు మూడు రోజులు నిక్షేపంగా ఉంటాయి. చేరాక కింది చివర మళ్లీ కొత్తగా కోసి గుచ్చాలి, అందుకే ఆ అదనపు జానెడు. బాల్కనీ ఏ దిక్కున ఉందో అడిగి మరీ ఇస్తాను. తూర్పు గానీ, దక్షిణం గానీ అయితే పూస్తుంది. ఉత్తరం బాల్కనీకి మందారం వద్దని చెప్పేస్తాను.

అమెరికాలో ఉన్న పిల్లలకి మాత్రం సూట్‌కేసులో కొమ్మలు పెట్టి పంపకండి. అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తీసుకెళ్లడం అక్కడ నేరం, మన పురుగులు అక్కడికి చేరే ప్రమాదం కూడా ఉంది. అక్కడి నర్సరీల్లోనే మందారం దొరుకుతుంది. మన రకం మంచుకి ఆగదు. రాత్రి చలి పది డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాకముందే కుండీని ఇంట్లోకి తెచ్చి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, మట్టి పైపొర ఆరాకే నీళ్లు పోయమనండి. ఆకు సగం రాల్చినా కంగారు పడి ఎరువు వేయవద్దు, వసంతంలో చిగురిస్తుంది. నేలలోనే ఏడాదంతా ఉండాలంటే దక్షిణ కొరియా వాళ్ల జాతీయ పుష్పమైన సిరియాకస్ రకం పెట్టుకోవచ్చు. చలికి ఆకంతా రాల్చి మళ్లీ చిగురిస్తుంది, దానికీ ముదురు కొమ్మ గుచ్చితే వేరు వస్తుంది.